ఖోఖో క్లబ్బులో మా పాప రెండేళ్ళు: ఒక తల్లి రివ్యూ

జూన్ వచ్చిందంటే స్కూళ్ళలో ఫీజు కౌంటర్ దగ్గర ఒక చీటీ చేతిలో పెడతారు. కరాటే, చెస్, క్రికెట్, ఖోఖో, కబడ్డీ, ఏది కావాలో టిక్కు పెట్టమంటారు. మన వెనక ఇరవై మంది లైన్లో నిలబడి ఉంటారు. పిల్ల చెయ్యి పట్టుకుని లాగుతూ ఉంటుంది. ఏదో ఒకదానికి టిక్కు పెట్టి, డబ్బు కట్టి వచ్చేస్తాం. 2023 జూన్‌లో నేనూ అదే చేశాను. ఆ క్లబ్బు ఎలా నడుస్తుందో, ఎలా నడవాలో అర్థం కావడానికి నాకు రెండేళ్ళు పట్టింది. తిరుపతిలో పిల్లల్ని ఆటల్లో చేర్పించాలనుకునే అమ్మానాన్నలకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

నేను ఆర్టీసీలో కండక్టర్‌ని. ఎక్కువగా తిరుపతి - చిత్తూరు సర్వీసులో ఉంటాను. మా ఇల్లు కొర్లగుంటలో. మా ఆయన ఆటో తోలుతాడు. పాప అప్పుడు ఆరో తరగతి, 2025 జూన్‌కి ఎనిమిదికి వచ్చింది. స్కూలు పేరు రాయడం లేదు. మొదటి ఏడాది పడిన ఇబ్బందుల్లో చాలావరకు ఇప్పుడు అక్కడ లేవు, పాత కోపంతో ఇప్పటి మంచిపేరు చెడగొట్టడం నాకిష్టం లేదు.

పాపే ఖోఖో అడిగింది. నాకూ సంతోషమే వేసింది. బ్యాటు, కిట్టు, ఖరీదైన బూట్లు ఏమీ అక్కర్లేదు. రెండు స్తంభాలు, కొంచెం ముగ్గుపిండి, పరిగెత్తే కాళ్ళు ఉంటే చాలు. మా అత్త మాత్రం మొదటిరోజే "ఎండలో మాడిపోతాది మే బిడ్డ" అంది. ఆ మాట అప్పుడు పట్టించుకోలేదు గానీ, తర్వాత చాలాసార్లు గుర్తొచ్చింది.

మొదటి ఏడాది సంగతి. ఆటల ఫీజు రెండు వేలు, ట్రాక్ సూట్‌కి ఇంకో పన్నెండు వందలు కట్టించుకున్నారు. రసీదులో "ఇతరములు" అని రాసి ఇచ్చారు. మూడు వేల రెండు వందల్లో ఏది దేనికో ఎవరూ చెప్పలేదు. ప్రాక్టీసు సోమ, బుధ, శుక్రవారాలు సాయంత్రం నాలుగున్నర నుంచి అయిదు ముప్పావు దాకా అన్నారు. వాట్సాప్ గ్రూపు ఒకటి పెట్టారు. అందులో శుభోదయాలు, పండగ శుభాకాంక్షలు, ఎవరో పంపిన దేవుడి ఫొటోలు వచ్చేవి. ఈ రోజు ప్రాక్టీసు ఉందా లేదా అనే ఒక్క కబురు మాత్రం నాలుగూ ఇరవైకి వచ్చేది, లేదంటే అసలు వచ్చేది కాదు.

పీఈటీ సార్ ఒక్కడే. మంచి మనిషి, ఆట తెలిసిన మనిషి. కానీ ఖోఖో ఆయనే, కబడ్డీ ఆయనే, ఉదయం అసెంబ్లీ ఆయనే, పరీక్షలొస్తే ఇన్విజిలేషన్ ఆయనే, స్కూలు బస్సుల దగ్గర పిల్లల్ని ఎక్కించేదీ ఆయనే. ఆయన సెలవు పెడితే క్లబ్బుకే సెలవు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. నలుగురు చేయాల్సిన పని ఒకడి మీద వేసి దానికి క్లబ్బు అని పేరు పెట్టిన పద్ధతి మీదే నా ఫిర్యాదు.

ఆ ఏడాది అక్టోబర్‌లో ఒక రోజు నా వీక్లీ ఆఫ్ పడింది. పాప ఎలా ఆడుతుందో చూద్దామని వెళ్ళి, వేపచెట్టు కింద ఉన్న గట్టు మీద కూర్చున్నాను. ఖోఖో తెలియని వాళ్ళకు ఒక మాట చెప్పాలి. జట్టుకి పన్నెండు మంది ఉంటారు, తొమ్మిది మంది కోర్టులో దిగుతారు. వాళ్ళలో ఎనిమిది మంది మధ్య గీత మీద గళ్ళలో ఒకరు ఇటు, ఒకరు అటు మొహం పెట్టి కూర్చుంటారు. తొమ్మిదో మనిషి ఛేజర్, తరుముతుంది. అవతలి జట్టు నుంచి ముగ్గురు రన్నర్లు తప్పించుకుంటూ ఉంటారు. అంటే కోర్టు ఒక్కటే ఉంటే ఒకేసారి ఆటలో ఉండేది పన్నెండు మంది. క్లబ్బులో ఉన్నది 46 మంది పిల్లలు. మిగతా 34 మంది ఆ డెబ్బై అయిదు నిమిషాలూ ఏం చేస్తారు?

నేను కళ్ళారా చూశాను. గోడ పక్కన వరసగా కూర్చున్నారు. కొందరు చప్పట్లు కొట్టారు. కొందరు హోంవర్క్ రాసుకున్నారు. ముగ్గురు ముగ్గుపిండితో గీతలు సరిచేశారు, ఒకామె సార్‌కి టీ తెచ్చింది. మా పాప రెండుసార్లు లేచి నీళ్ళ బాటిళ్ళు అందించింది. చివర్లో చీకటి పడుతుండగా "మీరు కూడా రండి" అని పిలిచి ఒక టర్ను ఆడించారు. ఫోన్‌లో టైం చూశాను. మొత్తం మీద నా కూతురు పరిగెత్తింది ఆరు నిమిషాలు. అయిదేళ్ళ నుంచి పదిహేడేళ్ళ దాకా పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు అలిసేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. డబ్బు కట్టి ఆటలకు పంపిన రోజే మా పాపకు దక్కింది ఆరు.

ఇంటికొచ్చాక అడిగాను, "రోజూ ఇంతేనా?" అని. "నేను రిజర్వ్ కదమ్మా" అంది. ఆ మాట చెప్పేటప్పుడు దానిలో బాధ లేదు. అది మామూలే అన్నట్టు చెప్పింది. నాకు గొంతులో ఏదో అడ్డుపడినట్టయింది. పదకొండేళ్ళ పిల్ల తాను పక్కన కూర్చునే మనిషినని ఒప్పేసుకుంది. బాగా ఆడేవాళ్ళతోనే ఆడిస్తే, ఆడనివాళ్ళు బాగా ఆడేది ఎప్పుడు?

నవంబర్‌లో జరిగింది ఇంకా మరిచిపోలేను. ఆ రోజు మధ్యాహ్నం నుంచే మబ్బు పట్టింది. ప్రాక్టీసు లేదని ఎవరూ చెప్పలేదు. నేను చిత్తూరు నుంచి వస్తున్న బస్సులో ఉన్నాను. పూతలపట్టు దాటాక వాన మొదలైంది. మా ఆయన ఆరింటికి తీసుకురావాలని ముందే అనుకున్నాం, ఆయన ఆ లెక్కనే బయల్దేరి రైల్వే స్టేషన్ దగ్గర నీళ్ళలో ఇరుక్కుపోయాడు. నాలుగున్నరకే అందరినీ పంపించేశారట. పాప ఆరూ నలభై దాకా గేటు దగ్గర వాచ్‌మన్ తాత కుర్చీ పక్కన నిలబడే ఉంది. బ్యాగు తడవకుండా కడుపుకి హత్తుకుని నిలబడింది. ఆ తాత పుణ్యాత్ముడు, తన గొడుగు దాని తలకి పట్టి తను తడిశాడు. చంద్రగిరి దగ్గర నాకు ఫోన్ సిగ్నల్ దొరికేసరికి ఏడు మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఆ టెన్షన్‌లో ఒక ప్రయాణికుడికి చిల్లర రెండుసార్లు ఇచ్చాను.

ఆ తర్వాత సంక్రాంతి ముందు ఇంకో పిల్లకు మడమ మెలిక పడింది. ఫస్ట్ ఎయిడ్ డబ్బా ఉన్న గదికి తాళం, తాళంచెవి ఉన్న ఆయన ఇంటికి వెళ్ళిపోయాడు. ఎవరో నొప్పి స్ప్రే కొట్టి "నడువు, తగ్గిపోతుంది" అన్నారు. మూడు రోజుల తర్వాత ఎక్స్‌రే తీస్తే ఎముకలో చిన్న పగులు కనిపించింది. అదే ఏడాది ఎస్‌జీఎఫ్ (స్కూల్ గేమ్స్ ఫెడరేషన్) అండర్-14 మండల స్థాయి సెలక్షన్లకు ఎంట్రీ ఫారాలు సకాలంలో సంతకాలు కాక ఇద్దరు పిల్లలు వెళ్ళలేకపోయారు. ఇద్దరూ పుట్టిన తేదీ సర్టిఫికెట్ జిరాక్సు అప్పటికప్పుడు తేలేకపోయారట. ఏడాదంతా చెమటోడ్చిన పిల్లలు ఒక కాగితం కోసం ఆగిపోయారు.

ఆ ఏడాదికి నేనిచ్చే మార్కులు అయిదింటికి ఒకటి. ఆ ఒకటీ వాచ్‌మన్ తాతకి.

2024 జూన్‌లో పాపను మాన్పించేద్దామనే వెళ్ళాను. అదే రోజు ఆటల క్లబ్బు తల్లిదండ్రులతో ప్రిన్సిపల్ మేడం మీటింగ్ పెట్టారు. పోయినేడాది ఏం ఇబ్బంది పడ్డారో ఒక్కొక్కరు చెప్పండి అన్నారు. వచ్చింది పదిహేడు మంది. నా వంతు వచ్చినప్పుడు నాకు తెలిసిన మాటల్లోనే చెప్పాను. "మేడం, మా డిపోలో కండక్టర్ రాకపోతే బస్సు ఆగదు. స్పేర్‌లో ఒకరు కూర్చుని ఉంటారు. ఎవరు ఏ బస్సు ఎక్కాలో ముందురోజే చార్టు వేస్తారు, అది గోడ మీద అందరికీ కనబడుతుంది. ఇక్కడ సార్ రాకపోతే నలభై ఆరు మంది పిల్లలు ఆగిపోతున్నారు." ఆమె పుస్తకంలో రాసుకుని, "చార్టు మీరే వేసివ్వండి" అన్నారు. మాన్పించడానికి వెళ్ళినదాన్ని కమిటీలో పేరిచ్చి వచ్చాను.

కమిటీలో ఉన్నది ఆరుగురు. పీఈటీ సార్, కొత్తగా వేసిన పీఈటీ మేడం, తల్లిదండ్రుల్లో ఇద్దరం, తొమ్మిదో తరగతి పిల్లలు ఇద్దరు. పిల్లలు ఎందుకని ఒకరిద్దరు పెద్దవాళ్ళు అడిగారు. నెల తిరక్కముందే జవాబు దొరికింది. స్తంభం ఎక్కడ కదులుతోందో, ఏ బాత్రూం గొళ్ళెం పడదో, ఏ పిల్ల ఎందుకు రావడం మానేసిందో వాళ్ళకే తెలుసు.

మొదట చేసింది గేటు పక్కన ఒక బోర్డు. నెల మొత్తం ప్రాక్టీసు తేదీలు, ఆ రోజు గ్రౌండులో ఉండేది ఎవరు, వాళ్ళు రాకపోతే స్పేర్ ఎవరు, చివరి పిల్ల ఇంటికి వెళ్ళేదాకా గేటు దగ్గర ఉండేది ఎవరు, అన్నీ రాసి ఉంటాయి. ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళు ఉండాలి, వాళ్ళలో ఒకరు ఆడమనిషి అయ్యుండాలి అని నియమం పెట్టుకున్నాం. ప్రాక్టీసు రద్దయితే మధ్యాహ్నం రెండింటి లోపు చెప్పాలి. రెండు దాటాక వాన వచ్చినా, సార్‌కి పని పడినా రద్దు అనేది లేదు, పిల్లలు వరండాలో ఉంటారు. వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టే వీలు ఇద్దరికే ఉంచారు. శుభోదయాలు ఆగిపోయాయి. పెద్దవాళ్ళెవరూ పిల్లల సొంత ఫోన్‌కి విడిగా మెసేజ్‌లు పెట్టకూడదన్నది కూడా అప్పుడే రాసుకున్నాం. అది రాయడానికి కొందరు మొహమాటపడ్డారు. ఆడపిల్ల తల్లిగా నేను పట్టుబట్టాను.

తర్వాతది అన్నింటికంటే పెద్దది, పిల్లల వంతులు. దీన్ని కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే ఏ ఆటకైనా ఇదే లెక్క. 46 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపు కోర్టులో ఆడుతుంది. రెండో గుంపు పక్కనే చెప్పులు వరసగా పెట్టుకుని వాటి మధ్య వంకరటింకరగా పరిగెత్తుతుంది, రన్నర్‌కి కావాల్సిన ఒడుపు దాంతోనే వస్తుంది. మూడో గుంపు కూర్చుని లేచే సాధన చేస్తుంది. నాలుగో గుంపు తాడాట. పదిహేను నిమిషాలకొకసారి విజిల్ పడుతుంది, గుంపులు మారతాయి. డెబ్బై అయిదు నిమిషాల్లో నాలుగు పదిహేనులు అరవై. మిగిలిన పదిహేను నిమిషాలు వార్మప్‌కి, నీళ్ళకి, చివర్లో మాట్లాడుకోడానికి. కొత్త గ్రౌండు కొనలేదు, కొత్త సామాను పెద్దగా కొనలేదు. ఆరు నిమిషాలు అరవై అయ్యాయి.

దీనికి తోడు ఒక నోటు పుస్తకం ఉంది. రెండు వందల పేజీల మామూలు నోట్‌బుక్, అట్ట మీద వినాయకుడి బొమ్మ. కమిటీలో ఉన్న తొమ్మిదో తరగతి పాప దగ్గర ఉంటుంది. ఎడమవైపు 46 పేర్లు, పైన తేదీలు. కోర్టులో టర్ను ఆడితే నీలం గీత, ఛేజింగ్‌లో ఎవరినైనా అవుట్ చేస్తే పక్కన చుక్క, రాకపోతే ఖాళీ. వరసగా మూడు ఖాళీలు కనబడితే పీఈటీ మేడం ఆ ఇంటికి ఫోన్ చేస్తుంది. ఆగస్టులో ఒకమ్మాయి పేరు పక్కన మూడు ఖాళీలు వచ్చాయి. ఫోన్ చేస్తే తెలిసింది, నెలసరి మొదలైందట, తెల్ల యూనిఫాం ప్యాంటు వేసుకోడానికి భయపడి రావడం లేదు. ఆ వారమే అమ్మాయిలకు ముదురు నీలం ట్రాక్ ప్యాంటుకి ఒప్పుకున్నారు, గ్రౌండు వైపు బాత్రూంలో ప్యాడ్లు పెట్టారు. ఆ అమ్మాయి తిరిగొచ్చింది. ఆ పుస్తకం లేకపోతే ఆ పిల్ల ఆట అక్కడితో అయిపోయేది. ఆటలు మానేసే ఆడపిల్లల్లో ఎంతమంది ఇలా చెప్పుకోలేక మానేస్తున్నారో అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డబ్బు లెక్క. ఫీజు పన్నెండు వందలకి తగ్గించారు. ట్రాక్ సూట్ కొత్తది కొనక్కర్లేదు, పై తరగతి వాళ్ళకు పొట్టివైనవి ఉతికి తెచ్చిస్తే చిన్నవాళ్ళకు ఇస్తారు. ఆరుగురు పిల్లల దగ్గర ఫీజు తీసుకోలేదు, ఎవరన్నది ప్రిన్సిపల్ మేడంకి తప్ప ఎవరికీ తెలియదు. నలభై మంది దగ్గర వచ్చింది 48,000. వ్యాయామ విద్య చదువుతున్న ఒక అమ్మాయి సాయంత్రాలు వచ్చి నేర్పినందుకు నెలకు 2,500 చొప్పున తొమ్మిది నెలలకు 22,500. పోటీలకు రానుపోను ఖర్చు 9,000. ప్రాక్టీసు అయ్యాక ఉడకబెట్టిన శనక్కాయలకి, చెక్కీలకి 7,000. కొత్త చెక్క స్తంభాలు రెండు 3,600. ఫస్ట్ ఎయిడ్ డబ్బా, ఐస్ పెట్టె 2,400. ముగ్గుపిండి, తాళ్ళు, విజిళ్ళు 1,500. మొత్తం 46,000, మిగిలింది రెండు వేలు. ఈ కాగితం బోర్డు మీద మార్చి దాకా అంటించే ఉంది. నేను రోజూ టిక్కెట్ల లెక్క, అంటే వేబిల్లు, రాసే మనిషిని, పైసా తేడా వస్తే జేబులోంచి కట్టే ఉద్యోగం నాది. అందుకేనేమో ఆ కాగితం చూసిన ప్రతిసారీ నాకు ఆ స్కూలు మీద గౌరవం పెరిగేది.

స్తంభాల గురించి ఒక మాట. అంతకుముందు ఉన్నవి ఇనుప పైపులు, అడుగున సిమెంటు దిమ్మె. పరిగెత్తుతూ వచ్చి స్తంభం పట్టుకుని తిరగడం ఈ ఆటలో ముఖ్యమైన ఒడుపు. తుప్పు పట్టిన పైపు పట్టుకుంటే అరచెయ్యి ఏమవుతుంది? నిబంధనల ప్రకారం స్తంభం నేల మీద 120 నుంచి 125 సెంటీమీటర్ల ఎత్తుండాలి, నున్నగా ఉండాలి, కదలకూడదు. కొర్లగుంటలో మాకు తెలిసిన వడ్రంగితో చేయించాం. ఆయన చివర్లో ఇసుక కాగితంతో గంటసేపు రుద్ది, తన చెంప ఆనించి చూసి, "ఇప్పుడు ఇవ్వచ్చు పిల్లలకి" అన్నాడు.

ఎండ సంగతి కూడా పట్టించుకున్నారు. మన ఊరి ఎండ అందరికీ తెలిసిందే. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవగానే ప్రాక్టీసు పొద్దున ఆరు నుంచి ఏడుంబావుకి మార్చారు. నీళ్ళ విరామం ఎవరో అడిగితేనే ఇచ్చేది కాదు, పదిహేను నిమిషాలకొకసారి విజిల్‌తోనే వస్తుంది. లీటరు నీళ్ళకు ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి స్టీల్ క్యాన్‌లో పెడతారు. చివరికి మా అత్త కూడా సణగడం మానేసింది. అక్టోబర్, నవంబర్ వానలకు గ్రౌండు చెరువైపోతే వరండాలో నిబంధనలు నేర్పారు, తాడాట ఆడించారు. బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజు, గంగమ్మ జాతర వారం ప్రాక్టీసు ఉండదని ముందే చార్టులో రాశారు. గరుడసేవకి నాకు ఎలాగూ స్పెషల్ డ్యూటీ పడుతుంది, ఇంట్లో ఏం చేయాలో ముందుగా చూసుకోగలిగాను.

ఇప్పుడు మా పాప. మొదట్లో దానికి ఒక అలవాటు ఉండేది. వెనక నుంచి ఎవరో పరిగెత్తుకొస్తున్న చప్పుడు వినగానే లేచిపోయేది. ఖోఖోలో అది ఫౌల్. వెనక వచ్చినామె వీపు తట్టి గట్టిగా "ఖో" అన్నాకే లేవాలి. లేచాక ఒక దిక్కు పట్టుకుంటే వెనక్కి తిరగకూడదు, మధ్య గీత దాటకూడదు. కూర్చున్నంతసేపూ కళ్ళతో ఆటంతా చూస్తూ, చెవులతో వెనక అడుగులు వింటూ, ఒంటిని ఆపుకుని ఉండాలి. ఆ ఆపుకోవడమే దానికి వచ్చేది కాదు. నేర్పే అమ్మాయి కోప్పడలేదు. పాపను గడిలో కూర్చోబెట్టి, వెనక నుంచి వచ్చి, తట్టకుండా వెళ్ళిపోయేది. మళ్ళీ వచ్చేది. పదిసార్లలో ఒక్కసారి తట్టేది. రెండు వారాలు అదే. ఒక సాయంత్రం నేను డ్యూటీ దిగి యూనిఫాంలోనే వెళ్ళేసరికి అది గడిలో కూర్చుని ఉంది. వేళ్ళు నేలకి ఆనించి, మెడ కొంచెం వంచి, రెప్ప వేయకుండా చూస్తోంది. వెనక నుంచి "ఖో" వినబడింది. లేచిందని నాకు తెలిసేలోపే ఎదురుగా ఉన్న రన్నర్ భుజం తాకేసింది. తాకి, నా వైపు చూసింది. నోటు పుస్తకంలో దాని పేరు పక్కన మొదటి చుక్క ఆ రోజు పడింది.

2025 జనవరిలో ఢిల్లీలో మొట్టమొదటి ఖోఖో ప్రపంచ కప్ జరిగింది. మన అమ్మాయిలూ అబ్బాయిలూ ఇద్దరూ ఫైనల్లో నేపాల్‌ని ఓడించి గెలిచారు. సంక్రాంతి సెలవుల తర్వాత స్కూల్లో పెద్ద తెర మీద ఆ ఫైనల్ ఆట వేసి, ఎక్కడ ఎలా తిరిగారో ఆపి ఆపి చూపించారట. పల్లెల్లో బడి వెనక ఆడుకునే ఆటకి ప్రపంచ కప్ ఉందని తెలిశాక పిల్లలు గ్రౌండులోకి వచ్చే నడకే మారిపోయింది.

ఫిబ్రవరిలో ఊళ్ళోనే ఇంకో స్కూల్లో పోటీలకు తీసుకెళ్ళారు. వెళ్ళే ముందే ఒక్కో పిల్లకీ ఒక కార్డు తయారుచేశారు. అందులో పుట్టిన తేదీ, రక్తం గ్రూపు, ఇంటి ఫోన్ నంబర్, ఏ మందు పడదో రాసి ఉంటుంది. జూన్‌లోనే సర్టిఫికెట్ల జిరాక్సులు ఫైల్లో పెట్టేశారు గనక కాగితాల పరుగు లేదు. రెండో రౌండులో ఒక్క పాయింటుతో ఓడిపోయారు. కానీ పన్నెండు మందీ ఏదో ఒక టర్నులో కోర్టులోకి దిగారు. ఇది సార్ ముందే ఇచ్చిన మాట, ఓడిపోతున్నప్పుడు కూడా దాన్ని తప్పలేదు. బస్సులో పాట పాడుకుంటూ వచ్చారు.

లోపాలు లేవని కాదు. క్రికెట్ వాళ్ళు ఇప్పటికీ గ్రౌండులో ముప్పావు భాగం ఆక్రమిస్తారు, బంతి వచ్చి ఖోఖో గళ్ళలో కూర్చున్న పిల్లలకు తగులుతుందని ఎన్నిసార్లు చెప్పినా మధ్యలో నెట్టు కట్టలేదు. తరగతుల్లో ఆటల పీరియడు లెక్కల సార్‌కి ఇచ్చేయడం ఇంకా ఆగలేదు. డిసెంబర్ దాటితే పదో తరగతి పిల్లల్ని పూర్తిగా మాన్పిస్తున్నారు. వారానికి ఒక్క గంటైనా ఉంచమని నేను అడిగాను, ఇళ్ళ నుంచే వద్దంటున్నారని చెప్పారు. అందులో తప్పు మనదే. సాయంత్రాలు నేర్పే అమ్మాయి పరీక్షలు రాసుకోడానికి మార్చిలో వెళ్ళిపోయింది, ఆమెకు బదులు ఇంకా ఎవరూ దొరకలేదు. నెలకు 2,500కి మంచి మనిషి దొరకడం కష్టం, ఈ ఏడాది ఆ మొత్తం పెంచాలని కమిటీలో అడుగుతాను. రెండో ఏడాదికి నా మార్కులు అయిదింటికి నాలుగు.

ప్రభుత్వ బడుల్లో పిల్లలున్న వాళ్ళకి కూడా ఒక మాట. విద్యాహక్కు చట్టంలోనే బడికి ఆటస్థలం ఉండాలని, తరగతులకు ఆటసామాను ఇవ్వాలని రాసి ఉంది. సమగ్ర శిక్ష పథకంలో ఆటసామానుకి ప్రాథమిక పాఠశాలకు ఏడాదికి 5,000, ప్రాథమికోన్నతకు 10,000, ఉన్నత పాఠశాలకు 25,000 దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. తల్లిదండ్రుల కమిటీ మీటింగ్‌కి వెళ్ళి ఆ డబ్బు వచ్చిందా, ఏం కొన్నారు, కొన్నది బీరువాలో ఉందా పిల్లల చేతుల్లో ఉందా అని మర్యాదగా అడగండి. మా చెల్లెలు పాకాల దగ్గర వాళ్ళ ఊరి బడిలో అడిగింది. రెండు వాలీబాల్స్, ఒక నెట్టు కవరు విప్పకుండానే ఉన్నాయట. హెడ్ మాస్టర్ గారు అదే సాయంత్రం బయటికి తీయించారు.

క్లబ్బులో చేర్పించే ముందు ఒక పని చేయండి. అడ్మిషన్ రోజు వెళ్ళకండి, ఆ రోజు అన్నీ బాగుంటాయి. మామూలు బుధవారం సాయంత్రం అయిదింటికి వెళ్ళి ఒక మూల నిలబడండి. ఎంతమంది పిల్లలు కదులుతున్నారు, ఎంతమంది గోడకి ఆనుకుని ఉన్నారు, లెక్కపెట్టండి. ఐస్ ఎక్కడుందని అడగండి. సార్ సెలవు పెడితే ఎవరొస్తారని అడగండి. గోడ మీద కప్పులు చూసి మోసపోవద్దు. ఆ కప్పులు తెచ్చిన పన్నెండు మంది పిల్లలు మీ పిల్లలు కాకపోవచ్చు.

2025 జూన్ 12న బడులు తెరిచారు. మా చిన్నోడు నాలుగో తరగతికి వచ్చాడు, వాడినీ అక్కడే ఖోఖోలో చేర్పించాను. ఈసారి రసీదు మీద "ఖోఖో క్లబ్బు, 1,200" అని విడిగా రాసిచ్చారు. బోర్డు మీద జూలై చార్టు కూడా వేసేశారు. మంగళవారం కొత్తగా కలిపారు, ఆ రోజు స్పేర్ అన్నచోట నా పేరుంది.